“రాత్రి మాత్రం లైటు బందు జెయ్యలే”: ఒక హాస్టల్ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: “బుక్కు మస్తుగున్నది గని అంత ఉత్తదే. గిట్ల యాడనన్న అయితదా? రాత్రి మాత్రం లైటు బందు జెయ్యలే.”

అవతారిక: ఉస్మానియా క్యాంపస్ హాస్టల్ గదిలో గానీ, ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద గానీ, తార్నాకలో చాయ్ గ్లాసు చేతబట్టుకుని గానీ, ముందురోజు భయపెట్టే నవల చదివినవాడు పలికే సూత్రమిది. కర్త అజ్ఞాతుడు. కోస్తా నుంచి వచ్చి చేరినవాడి నోట “అంతా సోదే, కానీ రాత్రి నిద్ర పట్టలేదనుకో” అనే పాఠాంతరం వినిపిస్తుంది, అర్థభేదం లేదు. మెదక్ వైపు కొల్చారం వాడైన మల్లినాథసూరి, కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టులో మొదటి సగమే ఇక్కడ పాటిస్తాం. రెండో సగం కూడా పాటిస్తే ఈ టీకాయే ఉండదు.

ప్రతిపదార్థం: బుక్కు = అద్దెకు తెచ్చిందో, పక్క గదివాడి దగ్గర లాక్కున్నదో అయిన, అట్ట ఊడిన నవల; మస్తుగున్నది = మెస్సులో అన్నం అయిపోతుందన్న స్పృహ కూడా లేకుండా చదివించింది; గని = అయినా నా పరువు నాకుంది కనుక; అంత ఉత్తదే = నేను మోసపోలేదని సభవారు గమనించగలరు; గిట్ల యాడనన్న అయితదా = కాదని ఇంకెవరైనా గట్టిగా చెబితే బాగుండును; లైటు = గుమ్మం పక్కన స్విచ్చు ఉండి, మంచం మీంచి చెయ్యి అందని ట్యూబులైటు; బందు జెయ్యలే = ఆర్పాక ఆ స్విచ్చు దగ్గర్నుంచి మంచం దాకా చీకట్లో నాలుగడుగులు నడవాలి గనక ఆర్పలేదు.

అన్వయం: పైపైన చూస్తే రెండో వాక్యానికీ మూడో వాక్యానికీ పొత్తు కుదరదు. జరగదని తెలిసినవాడికి లైటు దేనికి? లైటు వదలనివాడు జరగదని ఏ మొహంతో అంటున్నాడు? వీడు బొంకుతూ అయినా ఉండాలి, పిరికివాడైనా అయి ఉండాలని లోకం తీర్పు. ఈ వ్యాఖ్య పక్షం వేరు. రెండు వాక్యాలూ నిజమే. రెండోది ఉండబట్టే మూడోది సాధ్యమైంది. నవలలో భయం నమ్మకం మీద నిలబడదు, కట్టుదిట్టం మీద నిలబడుతుంది. జరగనిదాన్ని జరిపించడానికి రచయిత ఒక నియమం పెట్టుకుని దానికి తప్పకుండా కట్టుబడితే, పాఠకుడు నమ్మకపోయినా ఆ నియమం ప్రకారం లెక్క కట్టడం మొదలుపెడతాడు. చందమామ బేతాళ కథలే ఇందుకు ప్రమాణం. శవం మాట్లాడుతుందని ఏ పిల్లవాడూ నమ్మలేదు. కానీ జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే మౌనం చెడి శవం మళ్లీ చెట్టెక్కుతుంది అన్న రెండు వైపుల ఉచ్చు ఏ నెలా సడలలేదు. దశాబ్దాల తరబడి పాఠకుణ్ణి పట్టి ఉంచింది శవం కాదు, ఆ షరతు.

ఇంతకన్నా దగ్గరి ప్రమాణం యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’. 1980ల తొలినాళ్లలో ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికగా వచ్చిన ఈ నవలలో చిన్నపిల్ల మీద జరిగిన చేతబడి ప్రయోగానికి ఒక గడువుంది. గడువుంది కాబట్టి నమ్మనివాడు కూడా రోజులు లెక్కపెట్టుకుంటూ వచ్చేవారం సంచిక కోసం చూశాడు. ఒక పక్క మంత్రగాళ్లు, మరో పక్క వైద్యం, హిప్నాటిజం. చార్టర్డ్ అకౌంటెన్సీ చదివిన రచయిత రెండు ఖాతాలూ జాగ్రత్తగా రాసుకొచ్చాడు. పాఠకుడు ఏ ఖాతాకు మొగ్గినా రెండో ఖాతా బాకీ వసూలుకు వస్తూనే ఉంటుంది. ప్రకృతి సూత్రాలతో సర్దిచెప్పుకోవాలా, అతీతమని ఒప్పుకోవాలా తేలనంతసేపే ఇటువంటి కథకు ప్రాణం ఉంటుందని 1970లో త్జ్వెతాన్ తొదొరోవ్ ఫ్రెంచిలో ఒక పుస్తకమే రాశాడు. మన హాస్టల్ సూత్రకారుడు ఆ సంగతిని మూడు వాక్యాల్లో తేల్చాడు.

దీనికి అలంకారశాస్త్ర సమ్మతి ఉందా అంటే, ఉంది. బొమ్మలో గుర్రాన్ని చూసినవాడికి కలిగే జ్ఞానం నిజమూ కాదు, భ్రమా కాదు, సందేహమూ కాదు, పోలికా కాదు అని శంకుకుడు చిత్రతురగ న్యాయం చెప్పాడు. తరవాతివాళ్లు ఆయన్ని ఒప్పుకోలేదు, అది వేరే తగాదా. సుమారు వెయ్యేళ్ల కింద అభినవగుప్తుడు భయానక రసానికి ఉదాహరణ వెతుక్కుంటూ శాకుంతలం మొదటి అంకంలో రథం ముందు పరుగెత్తే లేడిని పట్టుకున్నాడు. ఆ భయం లేడిది కాదు, చూసేవాడిది కాదు, మిత్రుడిదో శత్రువుదో కాదు. దేశకాలాలు ఊడిపోయిన ఉత్త భయం. బాణం తన మీదికి రాదని తెలిసినవాడికే అది దక్కుతుంది. నిజంగా బాణం వస్తుంటే శ్లోకం వినేదెవరు? కాబట్టి “గిట్ల యాడనన్న అయితదా” అన్నది ఫిర్యాదు కాదు. ఆ భయం రుచి చూడటానికి కావలసిన అర్హత.

పూర్వపక్షం, మొదటిది: తార్నాక చుట్టుపక్కల జాతీయ పోషకాహార సంస్థ, ఐఐసీటీ, కాస్త ముందుకు హబ్సిగూడ దిక్కు పోతే సీసీఎంబీ, ఎన్జీఆర్ఐ. ప్రయోగశాలల నీడన చదువుకుంటూ లైటు ఆర్పలేకపోవడం సిగ్గుచేటు కాదా? సమాధానం: లైటు ఉంచుకోవడం విశ్వం గురించి చేసిన ప్రకటన కాదు. అది నవల గురించి ఇచ్చిన సాక్ష్యం. పైగా పరిశోధనకు అలవాటుపడ్డ బుర్ర నియమాన్ని త్వరగా పట్టుకుంటుంది, పట్టుకున్నాక చివరి మెట్టు దాకా వదలదు. “ఇది నిజమైతే ఆ తరవాతేంటి” అని అడగడం వృత్తిగా ఉన్నవాడికి ఆ తరవాతిది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

రెండో పూర్వపక్షం గట్టిది. ‘తులసిదళం (కాదు) గంజాయి దమ్ము’ అని పేరు పెట్టి రంగనాయకమ్మ ఈ నవలను దులిపేశారు. బాణామతి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన ఊళ్లున్న నేల ఇది. ఇక్కడ చేతబడి నవల ఉత్త కాలక్షేపం అవుతుందా? తేలిగ్గా తోసెయ్యదగ్గ ప్రశ్న కాదు. కానీ భయాలు రెండు రకాలు. లైటు ఆర్పనివాడు ఎవరికీ భయపడటం లేదు. అతని భయానికి మొహం లేదు, ఇంటి నంబరు లేదు. వీధి చివరి ముసలమ్మను అనుమానించేవాడి భయానికి రెండూ ఉన్నాయి. మొదటివాడు పాఠకుడు, రెండోవాడు పాఠకుడుగా ఉండటం మానేశాడు. రుచి చూసే భయానికీ నిజం భయానికీ మధ్య అభినవగుప్తుడు గీసిన గీత సరిగ్గా ఇక్కడే పడుతుంది. అయితే ఇందులో ఒప్పుకోవలసింది ఒకటుంది. ఏదో కొండజాతినో, కులాన్నో చూపించి “వీళ్లకు ఈ విద్యలు వచ్చు” అని భయానికి చిరునామా రాసిచ్చిన నవల ఆ గీతను తనే తుడిచేసుకుంటుంది. ఆ మేరకు ఆక్షేపణ నిలుస్తుంది. ఒక పుస్తకంలోని ఆ పేజీల మీద నిలుస్తుంది, భయానకం అనే రసం మీద కాదు.

మూడో పూర్వపక్షం: ఇదంతా దెయ్యాల నవలకు సరే, సైన్స్ ఫిక్షన్‌కు ఏం సంబంధం? అక్కడ స్థాయీభావం భయం కాదు, విస్మయం; రసం అద్భుతం. నిజమే, కానీ కట్టుబాటు అదే. 1895లో ‘టైమ్ మెషీన్’ రాసిన హెచ్.జి. వెల్స్ ఒక కథకు ఒక్క అసాధ్యమే చాలనీ, మిగతా అంతా మామూలు లోకంలా నడవాలనీ పట్టుబట్టాడు. ఆ నవల స్ఫూర్తితో 1991లో సింగీతం శ్రీనివాసరావు తీసిన ‘ఆదిత్య 369’ 1526లో కృష్ణదేవరాయల కొలువుకూ, 2504కూ వెళ్లొచ్చింది. యంత్రం ఒక్కటే అసాధ్యం. పేచీలు, దొంగలు, ప్రేమ అన్నీ మనకు తెలిసినవే. తేడా పాఠకుడి రెండో వాక్యంలో ఉంది. దెయ్యం నవలకు “ఎప్పటికీ అయితదా?” అంటాడు, సైన్స్ నవలకు “ఇప్పట్ల అయితదా?” అంటాడు. రెండో ప్రశ్నకు గడువు ఉండటం వల్ల దాని వెలుగు మరికాస్త దూరం పడుతుంది. ఇంజనీరింగ్ పిల్లవాడు ఇంధనం సంగతి అడిగి తప్పులు పట్టడం మొదలుపెడతాడు. తప్పు పట్టడమంటే నియమాన్ని ఒప్పుకోవడమే. ఒప్పుకోనివాడు పుస్తకం మూసేస్తాడు, ఇంధనం గురించి అడగడు.

తాత్పర్యం: తెలుగులో ఇటువంటి నవలల గురించి వాదం వస్తే మూఢనమ్మకమా, కాదా అన్నదే ఎక్కువగా తేల్చారు. పనితనం సంగతి పక్కకు పోయింది. అడగవలసినవి రెండు: రచయిత తాను పెట్టిన షరతును చివరిదాకా పాటించాడా? భయానికి ఎవరి ఇంటి చిరునామా అయినా రాసిచ్చాడా? మొదటిదానికి అవునని, రెండోదానికి లేదని జవాబొస్తే ఆ నవల నెగ్గినట్టే, పాఠకుడు దాన్ని ఎంత ఉత్తదన్నా సరే. “అంత నిజమే అనిపించింది, పడుకోంగనే నిద్రొచ్చింది” అని ఎవరైనా మెచ్చుకుంటే మాత్రం రచయిత కంగారు పడాలి.