తెల్లగోడ

ఆస్ట్రేలియాలో, స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లోని మా అబ్బాయి ఇంటి హాల్లో ఒక పెద్ద ఫోటో వేలాడుతూ ఉంటుంది. అమరావతిలోని మా పాత ఇల్లది. ఇక్కడి గోడలు జిప్సం బోర్డులు, వేలితో తడితే డొల్లగా పలుకుతాయి. ఫోటోలోని గోడలు మూరెడు మందం. గానుగ సున్నం పూత, కోడిగుడ్డు పెంకులాంటి నునుపు. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి వదిలి వచ్చి అమరావతి పట్నం కట్టించుకున్న కాలంలో మా పెద్దలు కట్టిన ఇల్లు. ఎన్ని వానలు తిన్నా పెచ్చు ఊడలేదు. ఇంటికి ఎవరొచ్చినా ముందు ఆ గోడలే చూపిస్తాను.

కిందటి ఆదివారం అందరం కలిసి ప్రీస్ట్‌డేల్‌లోని చుంగ్ తియన్ ఆలయానికి వెళ్లాం. 1993లో తెరిచిన బౌద్ధాలయం. బుద్ధుడి ముందు మా మనవడు చాలాసేపు నిలబడ్డాడు. పదేళ్లవాడు, దేన్నీ ఊరికే వదలడు. సాయంత్రం స్ప్రింగ్ లేక్ గట్టున నడుస్తుండగా అడిగాడు.

"తాతయ్యా, మన అమరావతిలో బుద్ధుడు ఎలా ఉంటాడు?"

"తొలినాటి శిల్పాల్లో అసలు ఉండడురా."

వాడి నడక ఆగింది. నాకు కావలసిందీ అదే. ముప్పై ఏళ్లు బళ్లో పాఠాలు చెప్పినవాణ్ని, అడిగే పిల్లవాడు దొరికితే వదలను. అక్కడి బల్ల మీద కూర్చోబెట్టి చెప్పాను. ఖాళీ సింహాసనం, దాని ముందు రెండు పాదముద్రలు, చుట్టూ దండాలు పెడుతున్న జనం. ఆ ఖాళీలో ఉన్నవాడే బుద్ధుడు. గుర్రం మీద మనిషి ఉండడు, పైన గొడుగు మాత్రం పట్టి ఉంటారు. అంటే సిద్ధార్థుడు ఇల్లు విడిచి వెళుతున్నాడన్నమాట. చెట్టు కనిపిస్తే జ్ఞానోదయం, చక్రం కనిపిస్తే మొదటి బోధ, స్తూపం కనిపిస్తే నిర్యాణం. అమరావతి స్తూపానికి నాలుగు దిక్కులా ఐదేసి ఆయక స్తంభాలు నిలబెట్టేవారు. పుట్టుక, ఇల్లు విడవడం, జ్ఞానం, బోధ, నిర్యాణం, ఈ ఐదింటికీ గుర్తుగా. బుద్ధుణ్ని మనిషి రూపంలో చెక్కడం ఆ తర్వాతి మాట.

"ఏ రాజు కట్టించాడు?"

"రాజు ఒక్కడే కాదు నాన్నా." ఈ సంగతి చెప్పేటప్పుడు నా గొంతు ఎప్పుడూ కొంచెం మారుతుంది. రాళ్ల మీద ఇచ్చినవాళ్ల పేర్లున్నాయి. భిక్షుణులు, వర్తకులు, మామూలు ఇళ్లవాళ్లు. విధికుడని ఒక తోలుపనివాడు, తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లు అందరినీ కలుపుకుని పూర్ణఘటం చెక్కిన పలక ఒకటి ఇచ్చాడు. రోజంతా తోలు కుట్టి కూడబెట్టిన డబ్బుతో, ఇంటిల్లిపాది పేరా! తెలుగు మాటల్లో బాగా పాతదని పండితులు చూపించే "నాగబు" కూడా అక్కడి రాతి ముక్క మీదే కనిపించింది.

"అవన్నీ ఇప్పుడు ఎక్కడున్నాయి?"

దాంతో నాకు కోపం వచ్చింది. వాడి మీద కాదు. స్తూపం శిథిలమై మట్టిదిబ్బ అయింది, జనం దాన్ని దీపాలదిన్నె అన్నారు. 1798 ప్రాంతంలో మెకంజీ అనే దొర వచ్చి చూశాడు. 1816లో మళ్లీ వచ్చేసరికి దిబ్బ నడిమధ్యన చెరువు తవ్వి ఉంది. 1845లో వాల్టర్ ఇలియట్ అనే ఇంకో దొర తవ్వించి శిల్పాలను మద్రాసుకు తోలించాడు. 1859లో వాటిలో చాలా భాగం ఓడెక్కి లండన్ చేరాయి. ఇవాళ్టికీ బ్రిటిష్ మ్యూజియంలోనే ఉన్నాయి, అద్దాల వెనక.

"మీ ఆస్ట్రేలియా వాళ్లు నయంరా" అన్నాను. గుండ్లకమ్మ ఒడ్డున చందవరంలో ఇంకో స్తూపం ఉంది. అక్కడినుంచి దొంగలెత్తుకుపోయిన మూడో శతాబ్దపు పలకను కాన్‌బెర్రాలోని జాతీయ కళామందిరం 2005లో కొన్నది. దొంగసొత్తని తేలాక 2016లో మనకు అప్పజెప్పింది. "పరాయి సొమ్మని తెలిశాక ఎవరైనా ఇచ్చెయ్యాల్సిందే. ఎంత పాతదైనా, ఎంత ఇష్టమైనా."

వాడు వేళ్ల మీద ఏదో లెక్క వేసుకున్నాడు. "లండన్‌లో కొన్ని, చెన్నైలో కొన్ని, మన ఊళ్లో కొన్ని. మిగతావి?"

"కాల్చేశారు."

"రాళ్లనా?"

"పాలరాయిలా ఉంటుంది గానీ అది సున్నపురాయి. బట్టీలో వేస్తే మేలురకం సున్నం. మెట్లకీ అరుగులకీ పనికొచ్చినవి పట్టుకుపోయారు, పగిలినవి బట్టీకి పోయాయి. ఎన్ని సింహాసనాలో, ఎన్ని పాదాలో, ఎందరి పేర్లో."

"ఎవరు?"

"ఆ ఊరివాళ్లే. విలువ తెలియక."

చీకటి పడుతుంటే ఇంటికొచ్చాం. వాడు బూట్లు విప్పి తిన్నగా ఫోటో దగ్గరికి వెళ్లాడు. వాళ్లమ్మ అన్నానికి పిలిచినా కదల్లేదు.

"తాతయ్యా, సంక్రాంతికి వచ్చినప్పుడు నా చెయ్యి పట్టుకుని ఈ గోడ నిమిరించావు. అప్పుడేమన్నావో గుర్తుందా?"

గుర్తుంది. మా నాయనమ్మతో వాళ్ల అత్తగారు అన్న మాట, మా నాయనమ్మ నాతో అన్న మాట, ఒక్క అక్షరం పొల్లుపోకుండా వాడితో అన్నాను. "ఇది దీపాలదిన్నె సున్నంరా. ఈ నునుపు ఇంకే సున్నానికీ రాదు."

డెబ్బై ఏళ్లుగా ఆ మాట నా నోట్లో ఉంది.

వాడు ఫోటో మీంచి చూపు తిప్పి నా వంక చూశాడు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

"మరి మనం ఎలా ఇచ్చేస్తాం తాతయ్యా?"