గుర్రమెక్కిన రోగి

సర్కారు తనంతట తానే రోగిని పిలిచి, ఇదిగో డబ్బు, నీ ఒంటికి ఏది మంచిదో నువ్వే చూసుకో అంటే మనం నమ్మం. ఇంగ్లండ్‌లో నిజంగానే అన్నారు. 2009లో ప్రయోగంగా మొదలుపెట్టారు. 2014 అక్టోబరు నుంచి, ఆస్పత్రి బయట ఎన్‌హెచ్ఎస్ (అక్కడి సర్కారు వైద్య సేవ) ఖర్చుతో నిరంతర సంరక్షణ పొందే పెద్దరోగాల వాళ్లకు దాన్ని హక్కు చేశారు. 2019 చివర్లో చక్రాల కుర్చీ అవసరమైన వాళ్లనూ చేర్చారు. పేరు పర్సనల్ హెల్త్ బడ్జెట్.

మరి ఈ డబ్బుతో ఏం కొనుక్కోవచ్చు? ఏం కొనకూడదో చెప్పడం తేలిక. మందు తాగకూడదు, సిగరెట్టు కాల్చకూడదు, జూదమాడకూడదు, అప్పు తీర్చకూడదు. సంబంధం ఖాయం చేసుకునే ముందు పిల్ల తండ్రి అడిగే ప్రశ్నల్లాగే ఉన్నాయి, సంతోషం. అసలు తమాషా ఆ తర్వాత ఉంది. జీపీ, అంటే మామూలు జబ్బులకు ముందుగా చూపించుకునే డాక్టరు, దగ్గర వైద్యానికి వాడకూడదు. ఆపరేషన్‌కు వాడకూడదు. టీకాకు వాడకూడదు. మందుల చీటీ మీద కట్టే రుసుముకూ, పళ్ల డాక్టరు చార్జీకీ వాడకూడదు. వైద్యం ఎటూ ఎన్‌హెచ్ఎస్ ఇస్తుంది కదా, మళ్లీ దీనికెందుకంటారు. సబబే. కానీ ఆరోగ్య బడ్జెట్ చేతిలో పట్టుకుని డాక్టరునీ, కత్తినీ, సూదినీ తాకకుండా ఖర్చు పెట్టమంటే రోగి ఎటు చూస్తాడు? గుర్రం వైపు చూస్తాడు.

చూశాడు కూడా. 2015లో ‘పల్స్’ అనే డాక్టర్ల పత్రిక అక్కడి సమాచార హక్కు చట్టం కింద లెక్కలు బయటికి లాగింది. గుర్రపు స్వారీ పాఠాలు, వీడియో గేములు, విహారయాత్రలు, కాళ్లతో తొక్కే పడవ షికార్లు! దేశం గుండెలు బాదుకుంది. మా పన్నుల డబ్బుతో పడవ షికారా? జబ్బు మనిషి మంచం మీద మూలుగుతూ ఉండాలి గానీ, చెరువులో పెడల్ తొక్కుతూ నవ్వితే ఆరోగ్యవంతుల మనసు ఎంత నొచ్చుకుంటుందో ఎవరైనా ఆలోచించారా?

నడుము నిలవని పిల్లలను గుర్రమెక్కించి కండరాలకు వ్యాయామమిచ్చే ఫిజియోథెరపిస్టులు లేకపోలేదు. ఎండాకాలం ఊపిరాడక పదేపదే ఆస్పత్రి పాలయ్యే మనిషి గదిలో ఒక ఏసీ బిగిస్తే, ఆస్పత్రి మంచం ఖర్చుతో పోలిస్తే అది చవకే కావచ్చు. అయినా ఆస్పత్రి మంచం గౌరవప్రదమైన దుబారా. ఏసీ మాత్రం విలాసం.

నిజానికి ఈ బడ్జెట్లలో పెద్ద ముక్క పోయేది గుర్రానికి కాదు, మనిషికి. స్నానం చేయించి, తిండి తినిపించి, రాత్రి పక్క తిప్పే సహాయకుడి జీతానికి. ఆ డబ్బు సొంత చేతికే కావాలన్న రోగి, మంచం దిగకుండానే యజమాని అయిపోతాడు. విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి, జీతాల లెక్క రాయాలి, సెలవు జీతమివ్వాలి, బీమా చేయించాలి, రసీదులన్నీ దాచాలి. స్వేచ్ఛ ఫైలు కట్టుకుని వస్తుంది. ఈ పని చేయగలిగినవాడికి రోగం ఉందంటే ఆడిటరు నమ్ముతాడా అన్నది నా అనుమానం.

మరి ఏళ్ల తరబడి పక్క తిప్పుతున్న భార్యకు ఆ జీతం ఇవ్వొచ్చు కదా? ఒకే ఇంట్లో ఉండే దగ్గరి బంధువులకు మామూలుగా ఇవ్వకూడదు, మరీ తప్పదని అధికారులు ఒప్పుకుంటే తప్ప. పక్క వీధి నుంచి వచ్చేవాళ్లు చేస్తే ఉద్యోగం, పక్కగదిలోంచి వస్తే అనురాగం. అనురాగానికి పద్దు లేదు. ఈ సూత్రం కనిపెట్టడానికి ఇంగ్లండ్‌కు అంత ఖర్చు ఎందుకో! మన ఇళ్లల్లో ఏ కోడలినడిగినా ఊరికే చెప్పేది.

అన్నీ జాగ్రత్తగా చేసి, పొదుపుగా వాడి, నాలుగు పౌండ్లు మిగిల్చాడనుకోండి. మిగిలింది వెనక్కి తీసుకునే అధికారం ఎన్‌హెచ్ఎస్‌కుంది. సమీక్షకు కూర్చున్న అధికారి ఖాతా పుస్తకం చూసి, ఇంత మిగిలిందంటే మీకు అంత జబ్బు లేదేమో అని అడిగినా రోగి నొచ్చుకోకూడదు. ఖర్చు పెట్టినవాడిని గుర్రమెందుకని అడుగుతారు, పెట్టనివాడిని రోగమెందుకని అడుగుతారు.