ఊరు వినబడొద్దట!

వాయిస్ ఓవర్ పనికి క్లయింటు పంపిన షరతుల సారం ఒక్కటే: ఇంట్ల రికార్డు చేసినా స్టూడియోల చేసినట్టే ఉండాలె. స్టూడియో కిరాయి మాత్రం రేటుల కలవదు. అది ఆలేర్ల మా ఇంటి గోడలు భరించాలె.

ఆలేరంటే ఏం ఊరు? ఒక దిక్కు సికింద్రాబాద్–కాజీపేట రైలు పట్టాలు, ఇంకో దిక్కు హైదరాబాద్–వరంగల్ హైవే. గూడ్సు పోతుంటే కిటికీ ఊచలు సుత వంత పాడుతయ్. ఈ ఊర్లె వెనక సప్పుడు మైనస్ 60 డెసిబెల్స్ దాటొద్దట! ఈ లెక్క అమెజాన్ వాళ్ల ఆడియో పుస్తకాల వేదిక ఏసీఎక్స్‌ది: సగటు మైనస్ 23 నుంచి మైనస్ 18 నడుమ, పీక్ మైనస్ 3 లోపల, మౌనం, అంటే నాయిస్ ఫ్లోర్, మైనస్ 60 కింద. మన దేశంల ఉండేటోళ్లను ఆ వేదిక గడప తొక్కనియ్యదు. దాని రూలు మాత్రం మన అర్రలకొచ్చి కూసున్నది.

సరే, సప్పుడు కడుగుడు మొదలువెట్టాలె. ఎండకాలం. ఫ్యాను బందు, తలుపులు బందు, మీదికెళ్లి బొంత. చెమటలు కారంగ కూలర్ ప్రకటన చదవాలె, గొంతుల చల్లదనం తగ్గొద్దు. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించుమనే సలహాదారులు శానామంది. అట్టలు రైలును ఆపయి. బల్లులకు ఇండ్లయితయ్ గంతే. తర్వాత ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్. మాట లేని చోట అరసెకను సప్పుడు ఎంచి చూపిస్తే, ఫైలు పొడుగునా అసొంటి సప్పుడును తగ్గిస్తది. ఫ్రిజ్ మోత, కరెంటు 50 హెర్ట్జ్ గుయ్యిమనుడు ఒక్క తీరుగ ఉంటయ్ గనుక పోతయ్. రైలు కూత పోదు. బండి పోయేదాక ఆగి మళ్ల చదువుడే. ఆశకు మీట ఎక్కువ జరిపితివా, గొంతు బాయిల పడ్డోని కేక లెక్క అయితది. ‘భువనగిరి’ అంటే ‘భ’ గాలి మైకును గుద్దుతది, దాన్ని కొయ్యాలె. ఊపిరి కొయ్యాలె. మొత్తం కోస్తే ‘సహజంగా లేదు’ అని ఫైలు వాపస్.

అన్నీ కోసినంక అసలు కోత వస్తది: “యాస కొంచెం తగ్గించండి, న్యూట్రల్ తెలుగు కావాలి.” న్యూట్రల్ ఏడున్నదో, ఆలేరు స్టేషన్ల ఆ ఊరికి టికెట్ ఇయ్యరు. అంటే ఫ్రిజ్ మోత, మా అమ్మ మాట వీళ్ల లెక్కల ఒక్కటే. నవ్వులాటకో రౌడీ పాత్రకో అయితే మాత్రం అదే యాస ‘ఇంకొంచెం గట్టిగా’ కావాలె!

జనగామ దిక్కు మాణిక్యాపురం చుక్క సత్తయ్య డోలు, తాళాల మోత నడుమ ఒగ్గుకథ చెప్పిండు. సంగీత నాటక అకాడమీ ఆయనకు అవార్డు ఇచ్చింది. నాయిస్ ఫ్లోర్ ఎంతని అడగలే.

ఇంత కడిగిన ఫైలు ఆఖరికి ఏడ మోగుతది? ఆటో మీద కట్టిన రేకు మైకుల, సంత లొల్లి నడుమ, పరపర చిరుగుకుంట. ఆ మైకుకు ఏ షరతూ లేదు.

క్లయింటు దొరా, మైనస్ 60 కావాల్నంటే స్టూడియో కిరాయి రేటుల కలుపు. ఫ్యాను సప్పుడు తీసి పంపుత, గూడ్సు పోయేదాక ఆగుత. యాస తీసే పని మాత్రం నేను చెయ్య. వేరేటోళ్లను చూసుకో.