బెత్తెడు పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
గోడ యెదుట బండి కొలతగా నిలబెట్టి
టేపు నడ్డ మద్ది డిప్పు వేసి
వెలుగు టేపు కింద బెత్తెడు నిలిచెనా
తిట్టు దినడు రాత్రి తేరు నడిపి

ప్రతిపదార్థం: గోడ యెదుట = సెల్లారు గోడకెదురుగా; బండి = కారును; కొలతగా = 25 అడుగుల దూరాన, చదునైన నేల మీద; నిలబెట్టి = ఆపి; టేపున్ = కరెంటు పనివాళ్ల నల్ల టేపును; అడ్డము = హెడ్‌లైటు నడిబొడ్డు నేలకు ఎంత ఎత్తున ఉందో గోడ మీద అంతే ఎత్తున, అడ్డంగా; అద్ది = అంటించి; డిప్పు వేసి = లో బీము వెలిగించి ('డిమ్ము వేసి' అని పాఠాంతరం; యతికి రెండూ చెల్లుతాయి); వెలుగు = ఆ కాంతి పైఅంచు; టేపు కింద, బెత్తెడు = నాలుగు వేళ్ల వెడల్పు దిగువన; నిలిచెనా = నిలిస్తే; రాత్రి, తేరు నడిపి = కారు తోలి; తిట్టు దినడు = ఎదుటివాళ్ల నోట పడడు. 'ఎవడు' అనేది అధ్యాహారం.

తాత్పర్యం: లైట్లు సరిచేసుకున్నవాడిని దారిన పోయేవాళ్లు ఏమీ అనరు.

విశేషాలు: 'బెత్తెడు' యతి కోసం పడిందని కొందరి ఆక్షేపణ. అన్యాయం. 25 అడుగులంటే 300 అంగుళాలు. అందులో నూటికి ఒకటి 3 అంగుళాలు, అంటే బెత్తెడే. లైటు 70 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే, ఈ వాలున వెలుగు 70 మీటర్ల దాకా పోయి నేల తాకుతుంది. ఇంకో బెత్తెడు దించితే 35 మీటర్లకే చతికిలబడుతుంది. టేపు దాటి పైకెక్కిందా, నేలను వదిలేసి ఎదురొచ్చే బైకువాడి కళ్లను పట్టుకుంటుంది.

అంచు తిన్నగా ఉండదు సుమా. మనది ఎడమ పక్కన నడిచే దేశం గనుక, ఫుట్‌పాత్ మీది మనిషి కనబడేలా ఎడమవైపు పైకి లేస్తుంది. కుడివైపు బల్లపరుపుగా ఉన్నచోటే బెత్తెడు కొలవాలి. ఇది మూలంలో లేదు. మూలంలో లేనిది చెప్పకపోతే వ్యాఖ్యాత పొట్ట నిండేదెట్లా?

పూర్వపక్షం: స్టీరింగు పక్కన 0 నుంచి 3 దాకా అంకెలున్న చక్రం తిప్పితే పోలేదా?

సమాధానం: అది బరువు కోసం పెట్టింది. వెనక ముగ్గురు ఎక్కి, డిక్కీలో బియ్యం బస్తా పడితే బండి తోక దిగి ముక్కు లేస్తుంది. అప్పుడు అంకె పెంచి వెలుగు దించాలి. కొలిచే వేళ అది 0 మీదే ఉండాలి, టైర్లలో గాలి సరిగా ఉండాలి, డ్రైవరు సీట్లో ఒకరు కూర్చోవాలి. తిప్పాల్సింది బానెట్టు ఎత్తాక హెడ్‌లైటు వెనక కనిపించే స్క్రూని. పావు చుట్టు తిప్పడం, గోడ చూడటం, మళ్లీ పావు చుట్టు. ఈలోగా రెండో లైటు మీద తువ్వాలు కప్పాలి, ఎక్కువసేపు ఉంచితే వేడెక్కుతుంది.

హై బీముని కవి మరిచాడనడం తగదు. హెచ్4 బల్బులో రెండు తీగలూ ఒకే గాజులో ఉంటాయి. ఒకటి కుదిరితే రెండోదీ దానివెంటే కుదురుతుంది.

హాలోజెన్ గిన్నెలో బజారు ఎల్‌ఈడీ బిగించినవారికి మాత్రం ఈ పద్యం పనికిరాదు. తీగ ఉండాల్సిన చోట కాంతి పుట్టక, గోడంతా తెల్లగా అలుముకుంటుంది. అంచే లేనిచోట బెత్తెడు దేన్నుంచి కొలుస్తారు? అట్టివారు డిక్కీలో పడేసిన పాత బల్బు వెతికి పెట్టుకొని రావలెను.