ముందు ఊరేదో చెప్పండి

వాట్సాప్‌లో పాత క్లాస్‌మేట్లు టెక్నాలజీ మీద ఒకరోజు, రాజకీయ పదవుల మీద ఇంకోరోజు కొట్టుకుంటారని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. అక్కడ ఏళ్ల తరబడి నడుస్తున్నది ఒకటే చర్చ: వచ్చినాయన మనకేమవుతాడు? అమెరికాలో కంపెనీకి సీఈఓ వచ్చినా, ఢిల్లీలో శాఖకు మంత్రి వచ్చినా పెళ్లిచూపుల ప్రశ్నలే వరసగా పడతాయి. ఏ ఊరు, ఇంటిపేరేమిటి, తండ్రిగారేం చేసేవారు? పనితనం సంగతి నాలుగో ప్రశ్న. అక్కడిదాకా వెళ్లేలోపే ఒకాయన అలిగి గ్రూపులోంచి వెళ్లిపోతాడు, ఇంకొకాయన బతిమాలి మళ్లీ చేరుస్తాడు.

సాక్ష్యం కావాలంటే 2014 ఫిబ్రవరి చూడండి. 4న సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యారు. సరిగ్గా రెండు వారాలకు, 18న, ఆంధ్రప్రదేశ్ విభజన బిల్లు లోక్‌సభలో నెగ్గింది. నీళ్లు, కరెంటు, ఉద్యోగులు ఎవరికెంత అని తలలు బద్దలుకొట్టుకుంటున్న నెలలో పంచుకోవడానికి ఇంకో ఆస్తి వచ్చిపడింది. పుట్టిందీ చదివిందీ హైదరాబాదులో గనక తెలంగాణకే చెందుతాడని ఒక పక్షం. తండ్రి యుగంధర్‌గారిది అనంతపురం జిల్లా బుక్కాపురం గనక సీమవాడేనని రెండో పక్షం. బిల్లులో దీనికి షెడ్యూలు లేదు. ఆయన అంతకుముందు చూసింది క్లౌడ్ విభాగం, కంపెనీ ఎటు తిరగబోతోందో ఆ నియామకంలోనే రాసి ఉంది. ఆ మాట ఎత్తిన బుద్ధిమంతుడికి ఓ బొటనవేలి బొమ్మ దక్కి ఉంటుంది, అంతే.

పదేళ్ల తర్వాత కూడా పద్ధతి మారలేదు. 2024 జూన్‌లో శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడికి పౌర విమానయాన శాఖ వచ్చింది. 2014లో అదే శాఖ విజయనగరం అశోక్ గజపతిరాజుకు వచ్చింది. ఈ రెండు ముక్కలు చాలు, విమానాలు ఉత్తరాంధ్ర పిత్రార్జితమని తేల్చేయడానికి. ఆ మరుసటి నెలలో జేడీ వాన్స్ అమెరికా ఉపాధ్యక్ష అభ్యర్థి అయినప్పుడైతే మనవాళ్లు విజృంభించారు. భార్య ఉష చిలుకూరి పూర్వీకులది పశ్చిమ గోదావరి వడ్లూరా, కృష్ణా జిల్లా సాయిపురమా అని రెండు జిల్లాలు తలపడ్డాయి. ఏ ఊరైనా ఆయన అల్లుడే గనక ఆ హోదా మీద మాత్రం ఏకాభిప్రాయం. వలసల మీద అల్లుడుగారి అభిప్రాయాలు ఎవరైనా చదివి వినిపిస్తే, అల్లుడన్నాక ఆ మాత్రం అలక ఉండదా అని సర్దుకున్నారు.

ఇదంతా వట్టి అజ్ఞానమని కొట్టిపారేసేవాళ్లున్నారు. నేనొప్పుకోను. ఫలానా శాఖ ఫలానా వ్యక్తికే ఎందుకిచ్చారో రాష్ట్రపతి భవన్ ప్రకటనలో ఉండదు. చాట్‌జీపీటీ ఒక జవాబు ఎందుకలా ఇచ్చిందో తయారుచేసినవాళ్లే పూర్తిగా చెప్పలేకపోతున్నారు. మిత్రుల చేతికి అందేది ఊరూ ఇంటిపేరే, దొరికినదాంతోనే వాదించుకుంటారు. పైగా మంత్రివర్గం కూర్చేవాళ్లు జిల్లాల లెక్క, కులాల లెక్క వేస్తారన్నది రహస్యమేమీ కాదు. వాళ్లు ముందు వేసిన లెక్కనే వీళ్లు తర్వాత సరిచూస్తున్నారు. మరి ఇంటిపేరు అడగడమంటే కులం అడగడమే కదా అంటారా? అవును, అడగడమే. ఆ పేరు గూగుల్లో వెతికి తృప్తిగా నిట్టూర్చేవాళ్ల తరఫున వకాల్తా పుచ్చుకునే ఓపిక నాకు లేదు.

నా ఫిర్యాదల్లా ఆ చుట్టరికం నిలకడ గురించే. పదవి వచ్చినరోజు ముంచుకొచ్చే బంధుత్వం ఆయన పని మొదలెట్టగానే జారుకుంటుంది. 2023 జనవరిలో మైక్రోసాఫ్ట్ 10,000 మందిని తీసేస్తామంది, 2025 జూలైలో మరో 9,000 మంది దాకా అంది. ఆ రోజుల్లో నాదెళ్ల ఏ జిల్లావాడూ కాడు, ‘యాజమాన్యం’. మధ్యలో 2024 జనవరిలో కంపెనీ విలువ 3 లక్షల కోట్ల డాలర్లు దాటినప్పుడు మాత్రం మళ్లీ బుక్కాపురం. చెన్నైలో పుట్టిన శ్రీరామ్ కృష్ణన్‌ను 2024 డిసెంబరులో ట్రంప్ కృత్రిమ మేధ సలహాదారుగా ప్రకటించినప్పుడు, గ్రీన్‌కార్డుల మీద ఆయన పాత మాటలు తవ్వి అమెరికావాళ్లు దుమ్మెత్తిపోశారు. వెంటనే మనవాళ్లు సరిహద్దు కాస్త దక్షిణానికి జరిపి ఆయన్ని కలుపుకున్నారు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము పడింది. సరిహద్దు మళ్లీ తడ దగ్గరికొచ్చి ఆగింది.

చుట్టాన్ని వెతకాల్సిన అవసరమే లేని వార్త వస్తే సరైన ప్రశ్నలు పడతాయేమోనన్న ఆశ నాకుండేది. 2025 అక్టోబరు 14న అలాంటిదే వచ్చింది. విశాఖలో గూగుల్ డేటా కేంద్రం, అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి, గిగావాట్ సామర్థ్యం. అంత కరెంటు ఎక్కణ్నుంచి తెస్తారు, యంత్రాలు చల్లబరచడానికి నీళ్లెక్కడివి, కట్టడం పూర్తయ్యాక అందులో ఎంతమందికి పని ఉంటుంది? అడగడానికి ఎవరి గోత్రమూ అక్కర్లేదు. కర్ణాటక మంత్రి ప్రియాంక్ ఖర్గే రాయితీల లెక్క ఎత్తారు, చర్చ దారిన పడుతోందనిపించింది. దానికి మన ఐటీ మంత్రి లోకేశ్ ఆంధ్రా వంటల ఘాటు ప్రస్తావించి, మా పెట్టుబడుల మంట పొరుగువాళ్లకు తగిలినట్టుందని చమత్కరించారు. ఇక కరెంటు గురించి అడిగే నాథుడెవరు? రాయితీలు పక్కకుపోయి, గుంటూరు మిర్చికీ బ్యాడగి మిర్చికీ పోటీ మొదలైంది. రంగు బ్యాడగిదే గానీ ఘాటు మాత్రం మనదేనని రాత్రి పదకొండింటికి తీర్మానం, ఏకగ్రీవంగా.