రూట్ పాస్‌వర్డ్ మర్చిపోయారా? అదృష్టవంతులు!

కాగితం మీద రాసి బీరువాలో దాచుకున్నవాళ్లకి ఈ భాగ్యం దక్కదు. మర్చిపోయినవాళ్ల కోసమే లినక్స్‌లో సింగిల్ యూజర్ మోడ్ ఉంది. నెట్‌వర్క్ ఉండదు, సర్వీసులు ఉండవు, యంత్రం మొత్తానికి మీరొక్కరే. అదీ రూట్ హోదాలో! అడ్డు చెప్పేవాడే లేడు.

పాస్‌వర్డ్ గుర్తున్నవాళ్లూ నిరాశపడొద్దు. ఎండలో సర్వర్ దాకా ఎవరు పోతారు? ఇంట్లో మంచం మీద పడుకుని, ఎస్‌ఎస్‌హెచ్‌లో దూరి ‘ఇనిట్ 1’ కొట్టండి. సర్వీసులతోపాటు ఎస్‌ఎస్‌హెచ్ కూడా ఆగిపోయి, మీరు బయటే ఉండిపోతారు. నేనిలా చేసిన రాత్రి అక్కడి వాచ్‌మన్‌ని ఫోన్లో బతిమాలి పవర్ బటన్ నొక్కించాను. పాపం, నొక్కాడు. పక్క సర్వర్‌ది.

స్వయంగా వెళ్లక తప్పకపోతే, బూట్ అయ్యేటప్పుడు గ్రబ్ మెనూ కనిపించే ఆ కొద్ది సెకన్లలో టీ తెచ్చుకోండి. ‘ఈ’ నొక్కి, ‘లినక్స్’ అని మొదలయ్యే వరుస చివర ‘సింగిల్’ చేర్చి, కంట్రోల్ ఎక్స్ కొట్టాలంటారు. కొట్టారే అనుకోండి, రూట్ పాస్‌వర్డ్ పోయి వచ్చినవాణ్ణి చాలా లినక్స్‌లు ఆ గుమ్మంలోనే రూట్ పాస్‌వర్డ్ అడుగుతాయి! అందుకే తెలిసినవాళ్లు అక్కడ ‘ఇనిట్’ స్థానంలో నేరుగా బాష్‌నే కూర్చోబెడతారు.

లోపలికెళ్లాక డిస్కు చదవడానికే తెరిచి ఉంటుంది, రాయడానికి కాదు. కొత్త పాస్‌వర్డ్ పెట్టబోతే ఎర్రర్ వస్తుంది. అదే కమాండ్‌ని ఇంకాస్త గట్టిగా టైప్ చేయండి, కీబోర్డుకి భయం ఉండాలి. రీమౌంట్ అనే ఒక్క ముక్క మాత్రం కొట్టకండి.

కొట్టేశారా? అయితే వెంటనే డిస్కు తనిఖీ చేసే ఎఫ్‌ఎస్‌సీకే నడపండి. డిస్కు వాడుకలో ఉంది, ఫైల్‌సిస్టమ్ దెబ్బతింటుంది, నిజంగానే కొనసాగించాలా అని పాత వెర్షన్లయితే అడుగుతాయి. నా పెళ్లప్పుడు కూడా ఎవరూ ఇంతగా అడగలేదు. ‘వై’ నొక్కండి. డిస్కుని రీడ్-ఓన్లీలో ఉంచి తనిఖీ చేయడం పిరికివాళ్ల పని.

రెడ్ హ్యాట్‌వాళ్లకి ప్రత్యేకం: పాస్‌వర్డ్ మార్చాక ‘.ఆటోరీలేబుల్’ అనే ఖాళీ ఫైలు సృష్టించాలని ఎవరైనా చెబితే, ఖాళీ ఫైలుతో ఏమొస్తుందని ఎదురడగండి. ఎస్‌ఈలినక్స్ అలిగి, సరైన పాస్‌వర్డ్ కొట్టినా లోపలికి రానివ్వనప్పుడు జవాబు దొరుకుతుంది.

ఫ్రీబీఎస్‌డీ తమాషా వేరు. అక్కడ ‘టీటీవైస్’ అనే ఫైల్లో కన్సోల్ పక్కన ‘సెక్యూర్’ అని ఉంటే సింగిల్ యూజర్ మోడ్‌లో పాస్‌వర్డ్ అడగదు. ‘ఇన్‌సెక్యూర్’ అని ఉంటేనే అడుగుతుంది. యంత్రం నలుగురు తిరిగే గదిలో ఉంటే, పేరు బాగుంది కదా, ‘సెక్యూర్’ అనే ఉంచండి.

మళ్లీ లినక్స్‌కొస్తే, పని ముగిశాక ఇనిట్ స్థానంలో కూర్చున్న ఆ బాష్‌లోనే ‘ఎగ్జిట్’ కొట్టండి. ఒకటో నంబరు ప్రాసెస్ చచ్చిపోయిందని కెర్నెల్ గగ్గోలు పెట్టి బిగుసుకుపోతుంది. పవర్ బటన్ ఉండనే ఉంది. ఈసారి వాచ్‌మన్‌కి సర్వర్ నంబరు సరిగ్గా చెప్పండి.