ఆరు వందల మిల్లీమీటర్ల తోడల్లుడు

విశాఖపట్నంలో లెన్సు కొనేవాడికి ఏ షాపువాడూ చెప్పని విషయం ఒకటుంది. డబ్బాలో వచ్చే గాజుకి ముందు, ఈ ఊళ్ళో ఇంకో లెన్సు ముందే బిగించి ఉంటుంది. అది ఊడి రాదు, తుడిస్తే పోదు, ఈఎంఐలో దొరకదు. దాని పేరు గాలి. సముద్రం పంపే ఉప్పు, హార్బరు వైపు నుంచి బొగ్గుపొడి, ఖనిజంపొడి, ఎండాకాలపు ఉక్క, అన్నీ కలిసి తయారైన స్వదేశీ ఆప్టిక్సు. కంపెనీలవాళ్ళు నమూనా ఫొటోల కోసం మంచుకొండల దగ్గరికో, స్కాట్లాండు సరస్సుల దగ్గరికో పోతారు గాని, మే నెల మిట్టమధ్యాహ్నం ఆర్కే బీచికి వచ్చి ఒక్కటంటే ఒక్క ఫొటో తీసి బ్రోషరులో వేసిన పుణ్యాత్ముడు నాకింతవరకూ కనబడలేదు.

మా తోడల్లుడు ఉక్కునగరంలో ఉంటాడు. స్టీల్ ప్లాంటులో ఉద్యోగం. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అన్న నినాదం వింటూ పెరిగినవాడు కాబట్టి, పెద్ద టెలీ లెన్సు కూడా హక్కుల్లోకే వస్తుందని వాళ్ళావిడ దగ్గర వాదించి, 150-600 జూమ్ ఒకటి కొన్నాడు. బరువు రెండు కిలోలకు అటూ ఇటూ. ధర లక్షకు అటూ ఇటూ. వాళ్ళావిడకి చెప్పిన ధర మాత్రం పూర్తిగా ఇటే.

"అన్నయ్యా, ఇది వెదర్ సీల్డు. కార్నర్ టు కార్నర్ షార్పు. చెయ్యి వణికినా నాలుగు స్టాపులు కవర్ చేస్తుంది" అన్నాడు.

"కార్నర్లలో ఏముంటుందిరా చూడ్డానికి?" అన్నాను. జవాబు లేదు. మూలల్లో ఆకాశమో ఇసకో తప్ప ఉండదని వాడికీ తెలుసు. అయినా మూలలు పదునుగా లేకపోతే మనిషికి నిద్ర పట్టదని ప్రకటనలవాళ్ళు ఎలాగో కనిపెట్టేశారు.

కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర నిలబడి, బెర్తు కోసం సముద్రంలో లంగరేసుకుని ఎదురుచూసే ఓడల్ని తీయడం వాడి మొదటి కార్యక్రమం. తీరా తెరమీద పెద్దది చేసి చూస్తే ఓడ ఉడుకుతున్న పాయసంలో జీడిపప్పులా ఊగుతోంది. అడుగుభాగం అలల మీద లేదు, గాల్లో ఉంది. వాడు లెన్సుని అనుమానించాడు. పాపం, అందులో లెన్సు తప్పేమీ లేదు. వేడి పొర, చల్లటి పొర ఒకదానిమీదొకటి కదులుతుంటే వాటిలోంచి వచ్చే వెలుగు వంకర్లు తిరుగుతుంది. 600 మిల్లీమీటర్ల లెన్సు ఓడని ఎంత దగ్గరికి లాగుతుందో, మధ్యనున్న కిలోమీటర్ల గాలిని కూడా అంతే దగ్గరికి లాగుతుంది. చేతి వణుకు ఆపే మోటారు చేతి వణుకే ఆపుతుంది, బంగాళాఖాతం వణుకు ఆపదు. రాత్రంతా వాన కడిగిన మర్నాడు, పొద్దు పొడిచే వేళ రమ్మన్నాను. ఆదివారం ఆ వేళకి లేవడం లెన్సు స్పెసిఫికేషన్లలో లేదన్నాడు.

ఇంకో చిక్కు ఉంది. ఈ ఊళ్ళో 600 మిల్లీమీటర్లతో ఏమేం తీయాలనిపిస్తుందో, వాటిలో సగానికి పైగా తీయకూడనివే. నేవల్ డాక్‌యార్డు కూడదు. పోర్టు లోపల కూడదు. విమానాశ్రయం ఐ.ఎన్.ఎస్. డేగా, అంటే నేవీదే, అక్కడా కూడదు. సొంత ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేసుని తీద్దామంటే గేటు దగ్గర సి.ఐ.ఎస్.ఎఫ్. వాళ్ళు. చిన్న కెమెరాతో తిరిగేవాణ్ణి ఎవరూ పట్టించుకోరు. ఫిరంగి లాంటి గొట్టాన్ని డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు తిప్పి చూడండి, మీ పేరూ ఊరూ కనుక్కోవడానికి ఎంతమందికి తీరిక ఉందో తెలుస్తుంది.

ఓడ ఉడికిన రోజు సాయంత్రం వాడు కంపెనీ ఇచ్చిన ఎం.టి.ఎఫ్. గ్రాఫు పట్టుకొచ్చాడు. లెన్సు పదునుని కొలిచే గీతలన్నమాట. మిల్లీమీటరుకి పది గీతల జతలు, ముప్పై గీతల జతలు పక్కపక్కనే గీస్తే, ఫ్రేము మధ్య నుంచి అంచుదాకా వాటి నలుపూ తెలుపూ ఎంత విడివిడిగా నిలుస్తాయో చూపిస్తుంది. "చూడన్నయ్యా, గీత ఎంత పైన ఉందో! మరి ఫొటో ఎందుకిలా?" అన్నాడు.

"ఇది కొలిచి గీసిందా, లెక్కగట్టి గీసిందా?"

"అంటే?"

అంటే ఇదీ సంగతి. జైస్ లాంటి వాళ్ళు తయారైన లెన్సుని పరికరం మీద పెట్టి, కొలిచి గ్రాఫు ఇస్తామంటారు. చాలా కంపెనీలు ఇచ్చేది మాత్రం కాగితం మీది డిజైను నుంచి కంప్యూటరు లెక్కగట్టిన గీత. ఫ్యాక్టరీలో ఒక గాజు వెంట్రుకవాసి పక్కకి జరిగినా, మన చేతికి వచ్చిన పీసు ఆ గీతకి ఎంత దూరంలో ఉందో ఆ కాగితానికి తెలియదు. అబద్ధమేమీ కాదు. పుట్టబోయే బిడ్డ జాతకం, అంతే.

ఇక్కడ మా తోడల్లుడి మొహం చూడాలి. వాడు పనిచేసే చోట తయారయ్యే కడ్డీ 500డి అని పేరు పెట్టుకుని బయటికి రావాలంటే, ఆ బ్యాచిలోంచి ముక్క కోసి, మిషన్లో పెట్టి, తెగేదాకా లాగుతారు. చదరపు మిల్లీమీటరుకి 500 న్యూటన్లకి తగ్గకుండా నిలబడాలి, తెగేలోపు కనీసం 16 శాతం సాగాలి. ఆ అంకెలన్నీ, ఏ విడత కరిగించిందో చెప్పే హీట్ నంబరుతో సహా, సర్టిఫికెట్లో ఎక్కితేనే లారీ కదులుతుంది. జీవితమంతా అలాంటి కాగితాల మధ్య బతికినవాడు, కొలవని గీత చూసి లక్ష రూపాయలు ఇచ్చి వచ్చాడు. చాలాసేపు మాట్లాడలేదు. మా ఆవిడ రెండోసారి టీ ఇచ్చింది.

వాణ్ణి మామూలు మనిషిని చెయ్యడానికి జగ్గారావు గారి కథ చెప్పాను. గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు 1840లో ఈ ఊళ్ళోనే, డాబా గార్డెన్స్‌లో, సొంత డబ్బుతో వేధశాల కట్టించారు. ఆయన తర్వాత దాన్ని అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు నడిపారు. ఇంగ్లండులో కుక్ కంపెనీ చేసిన ఆరంగుళాల టెలిస్కోపు అక్కడ ఉండేది. 1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటిపోవడాన్ని నరసింగరావు గారు ఇక్కణ్ణుంచే పరిశీలించి, లెక్కలు లండన్ ఖగోళ పత్రికకి పంపారు. ఆరంగుళాలంటే దాదాపు 150 మిల్లీమీటర్లు. ఇవాళ్టి 600 మి.మీ. ఎఫ్/4 లెన్సు తలుపు కూడా ఇంచుమించు అంతే: ఆరు వందల్ని నాలుగుతో భాగిస్తే నూట యాభై. దాని ధర పది లక్షలు దాటుతుంది, పైగా దాన్ని విప్లవాత్మకం అంటారు. విప్లవం డాబా గార్డెన్స్‌లో ఎప్పుడో అయిపోయింది. అప్పుడు కూడా అల్లుడే వాడాడు, కాకపోతే మామగారి డబ్బుతో కట్టిన వేధశాలలో. ఈ చివరి ముక్క మా తోడల్లుడికి బాగా నచ్చింది. మా మామగారికి చెప్పొద్దని నేనే బతిమాలుకోవాల్సి వచ్చింది.

ఎఫ్ అంకెల వ్యాపారమంతా ఈ భాగహారంలోనే ఉంది. ఎఫ్/1.8 యాభై మిల్లీమీటర్ల లెన్సు మామూలు ఉద్యోగి కొనగలడు. అదే ఎఫ్/1.2 అయితే ధర పదింతలు పలుకుతుంది. లోపలికి వచ్చే వెలుగు మాత్రం రెండింతల పైచిలుకే. మిగతా ఎనిమిదింతలు దేనికయ్యా అంటే, వెనకనున్నదంతా మబ్బుగా కరిగిపోయే "క్రీమీ బొకే"కి. మా బంధువుల పెళ్ళిలో ఒక కుర్రాడు అలాంటిది తెచ్చి పెళ్ళికూతుర్ని తీశాడు. ముక్కుపుడక మీద ఫోకసు. ముక్కుపుడకలో రాళ్ళు లెక్కపెట్టొచ్చు. చెవులు, జుంకాలు, కాసులపేరు, వడ్డాణం అన్నీ మబ్బులోకి పోయాయి. ఆల్బమ్ చూసి పెళ్ళికూతురి తల్లి, "అంత బంగారం చేయిస్తే కనబడకుండా చేశాడేమిటండీ వీడు!" అని గోల. ఇంత సూటి లెన్సు సమీక్ష నేను ఏ పత్రికలోనూ చదవలేదు.

అదే అద్భుత లెన్సుని, సాదా లెన్సుని పట్టపగలు ఎఫ్/8లో పెట్టి, రెండు ఫొటోలు పోస్టుకార్డంత అచ్చేసి ఇస్తే ఏది ఏదో చెప్పగలిగేవాణ్ణి నేను ఎరగను. చెప్పగలమనేవాళ్ళని చాలామందిని ఎరుగుదును.

ఫిషింగ్ హార్బరులో ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. పొద్దున్నే బోట్లు వచ్చి, వేలంపాట మొదలైతే నీకూ చేపలబుట్టకీ మధ్య దూరం రెండడుగులు. అక్కడికి మా తోడల్లుడు గొట్టం మోసుకొచ్చాడు. ఎదురుగా కూర్చున్న ముసలమ్మ వాణ్ణి కింద నుంచి పైదాకా చూసి, "ఏటి బాబూ, సేపకి పొలుసులు లెక్కెట్టడానికొచ్చినావేటి?" అంది. కెమెరాతో ఉచితంగా వచ్చిన 18-55 ఆ రోజు నా దగ్గర ఉంది. పొలుసులు కూడా పడ్డాయి.

ఉప్పుగాలి సంగతి వేరే చెప్పాలి. వెదర్ సీల్డు అంటే రబ్బరు వాషర్లు వేశామని అర్థం, సముద్రానికి పిల్లనిచ్చామని కాదు. ఇక్కడ గాలిలో తేమ ఏడాదిలో చాలా రోజులు 70 శాతం పైనే. అరవై దాటిన చోట గాజు మీద బూజు కాపురం పెట్టడానికి సిద్ధంగా ఉంటుంది, అదీ బీరువాలో భద్రంగా, తోలు సంచిలో, చీకట్లో పెడితే మరీ త్వరగా. బూజు ధర చూడదు. తేమ నలభై, యాభై మధ్య ఉంచే డ్రై క్యాబినెట్ ఒకటి కొనమంటే, "దానికి జూమ్ ఎంత?" అనే రకం జనం మనం. చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పోగేసి గాలి చొరని డబ్బాలో వేసుకున్నా కొంత నయం. ఏసీ గదిలోంచి నేరుగా బీచికి పోయినవాడికి మరో వింత: లెన్సు మీద ఆవిరి పట్టి సూర్యోదయం మొత్తం పొగమంచు. విశాఖలో పొగమంచు లంబసింగిని చూపించే లెన్సు అని దాన్ని కూడా అమ్మొచ్చు. సంచిలోనే కాసేపు ఉంచి, బయటి వేడికి అలవాటు పడ్డాక తీస్తే ఆ బాధ ఉండదు.

ఇక మా మనవరాలి అన్నప్రాశన. ఎంవీపీ కాలనీలో రెండు పడగ్గదుల ఫ్లాటు. తోడల్లుడు ఆ ఒక్క లెన్సుతోనే వచ్చాడు. దానికి రెండు మీటర్ల ఎనభై సెంటీమీటర్ల లోపల ఫోకసు కుదరదు. అక్కణ్ణుంచి తీస్తే వాడి కెమెరాలో పట్టేది మూరెడు వెడల్పు, అంటే పాయసం చెంచా, పాప మొహం. తల్లీ తండ్రీ కూడా పడాలని వెనక్కి నడిచాడు. హాలు అయిపోయింది. గుమ్మం దాటాడు. లిఫ్టు దాకా వెళ్ళి, చెప్పుల మధ్య మోకాళ్ళ మీద కూర్చుని, తెరిచిన తలుపులోంచి గురిపెట్టాడు. లోపల అందరూ విస్తళ్ళ దగ్గర చేరేసరికి మా అత్తగారు లెక్క చూసుకుని కంగారు పడ్డారు. "చిన్నల్లుడు గారు బయటికి వెళ్ళిపోయారేమిటి? ఎవరేమన్నారు ఆయన్ని?" వెంటనే మా బావమరిదిని పంపారు. వాడు వెళ్ళి, "బావగారూ, తప్పేమైనా జరిగితే క్షమించండి, లోపలికి రండి" అని చేతులు పట్టుకున్నాడు. తిరిగి లోపలికి నడుస్తుంటే వాడి వీపు ఫ్రేము నిండా పడింది. ఆ ఫొటో కార్నర్ టు కార్నర్ షార్పు.

ఆ మర్నాడు ఇద్దరం ఒక షాపుకి వెళ్ళాం. ఈసారి వాడు పెద్దది అడగలేదు. ముప్పై ఐదు మిల్లీమీటర్లది, చిన్నది, చవకది. కుర్రాడు నానో కోటింగు గురించి మొదలుపెట్టబోతే చెయ్యెత్తి ఆపాడు.

"ఈ పీసుని కొలిచారా?"

"కంపెనీ గ్రాఫ్ ఉంది సార్."

"గ్రాఫ్ కాదు బాబూ. ఈ పీసు. ఈ నంబరుది. టెస్ట్ సర్టిఫికెట్, కింద సంతకంతో."

కుర్రాడు లోపలికి వెళ్ళి ఓనరుతో గుసగుసలాడి వచ్చాడు.

"సర్టిఫికెట్ లేదు సార్. కావాలంటే బ్యాగు ఫ్రీగా ఇస్తామంటున్నారు."

"ఏ రంగు?" అన్నాడు మా తోడల్లుడు.